‘మనదే ఊరు?’ అని అడిగే మనిషిని ఏమంటాం?

విజయవాడ నుంచి బందరు వెళ్లే బస్సులో ఓ పెద్దావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. ఒళ్లో జామకాయల బుట్ట. బుట్ట సర్దుకుంటూనే “మనదే ఊరు నాయనా?” అంది. బందరు అన్నాను. “బందరులో ఏ పేట? అమ్మావాళ్లు అక్కడే ఉంటున్నారా?” కంకిపాడు వచ్చేసరికి మా అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి నేనే చెప్పుకుంటూ పోతున్నాను. ఉయ్యూరు దాటాక ముందు సీట్లో అమ్మాయి వెనక్కి తిరిగి తన పరీక్షల సంగతి మొదలుపెట్టింది. పామర్రులో ఆవిడ దిగిపోయాక ఆలోచిస్తే తెలిసింది. దారి పొడుగునా ఆవిడ మాట్లాడింది తక్కువ. మాట్లాడిందంతా మేమే.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా అమ్మాయి “చాలా ఫ్రెండ్లీ అన్నమాట” అంది. మా అమ్మ “కలుపుగోలు మనిషి” అంది. ఇద్దరూ మెచ్చుకున్నారు కానీ, అమ్మ అన్న మాటలో ఆ బస్సు ప్రయాణం మొత్తం ఉంది.

ఎలాగో చూడండి. వీడుకొనడం వీడుకోలు, వేడుకొనడం వేడుకోలు, మేలుకొనడం మేలుకోలు. ‘కొను’ చేరిన క్రియ పేరుగా మారినప్పుడు కొన్నిచోట్ల చివర ‘కోలు’ వస్తుంది. కలుపుకొనడం కూడా అలాగే కలుపుగోలు అయింది. అంటే సాగనంపేటప్పుడు మనం చెప్పే వీడ్కోలుకు ఇది తోబుట్టువు. ఇక ‘కొను’ చేసే పని చిన్నది కాదు. వండటం వేరు, వండుకోవడం వేరు. కలపడం వేరు, కలుపుకోవడం వేరు. ‘కొను’ చేరితే పని ఫలం చేసినవాళ్ల వైపు తిరుగుతుంది. కాబట్టి ఎదుటి మనిషిని తన దగ్గరికి తెచ్చుకునే గుణం కలుపుగోలుతనం. అందులో వాగ్ధాటి ఊసే లేదు. ఈ మాటను తిట్టుగా వాడినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

ఆవిడ వేసిన మొదటి ప్రశ్ననే తీసుకోండి. ‘మీదే ఊరు’ అనలేదు, ‘మనదే ఊరు’ అంది. తెలుగులో ‘మేము’, ‘మనము’ వేరువేరు. ‘మేము’ అంటే వినేవాడు బయట ఉంటాడు, ‘మనము’ అంటే లోపలికి వస్తాడు. ముక్కూ మొహం తెలియని నన్ను ఒక్క ‘మన’తో ఆవిడ తన లోపలికి చేర్చుకుంది. నాయనా, బాబాయ్, పిన్నీ, అన్నా, అక్కా అంటూ వరసలు కలపడమూ ఇదే పని చేస్తుంది. మాట కలపడం, వరస కలపడం, చేయి కలపడం. స్నేహానికి సంబంధించిన మన పలుకుబళ్లలో ‘కలుపు’ ఇన్నిసార్లు రావడం ఊరికే జరిగింది కాదని నా నమ్మకం. హైదరాబాదు ఉర్దూలో ఇలాంటి మనిషిని మిలన్‌సార్ అంటారు. అక్కడా మూలం ‘మిల్‌నా’, అంటే కలవడమే.

కలివిడితనం దీనికి దగ్గరిదే కానీ, అదే కాదు. కలివిడిగా ఉండేవాడు పెళ్లింట్లో, ఆఫీసులో, నలుగురిలో ఇట్టే కలిసిపోతాడు. కలుపుగోలు మనిషి మూలన ఒంటరిగా కూర్చున్నవాణ్ణి కూడా తెచ్చి ఆ నలుగురిలో కలుపుతాడు. మాటకారి సంగతి పూర్తిగా వేరు. అతని మాటలు వినడానికి బాగుంటాయి, మన మాట మాత్రం గొంతులోనే ఉండిపోతుంది. ఊరందరికీ అవసరానికి అందివచ్చే మనిషి తలలో నాలుక. అదే నాలుక నోట్లో లేదంటే మాత్రం మెతక మనిషి అని అర్థం!

చనువు మనిషి గుణం కాదు, ఇద్దరి మధ్య ఉండేది. ఒకరు ఇవ్వాలి, ఒకరు తీసుకోవాలి. ఇవ్వకుండా తీసుకుంటే ‘చనువెక్కువైంది’ అంటాం. చొరవకు మూలం ‘చొచ్చు’, అంటే లోపలికి వెళ్లడం. ముందడుగు వేస్తే చొరవ, అడగకుండా దూరితే చొరబాటు. చనువు, చొరవ అనే ఈ రెండు మాటల దగ్గర ఒక అన్యాయం జరుగుతోంది. కొత్తవాళ్లతో ధైర్యంగా మాట కలిపిన అబ్బాయిని చొరవున్నవాడని మెచ్చుకుంటాం. అదే పని అమ్మాయి చేస్తే ‘అతి చనువు’ అని గొణుగుతాం. అలాంటి అమ్మాయికి కూడా దక్కాల్సిన మాట కలుపుగోలుతనమే.

సంస్కృతం నుంచి వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన మాట పూర్వభాషి. వాల్మీకి అయోధ్యకాండ మొదటి సర్గలోనే రాముడి గుణాలు చెబుతూ ఈ మాట వాడాడు. ఎదుటివాళ్లు పలకరించేదాకా ఆగకుండా ముందు తానే పలకరించేవాడని అర్థం. రాజకుమారుడు అలా పలకరించడం గొప్ప సంగతే. దాని పక్కనే ప్రియంవదుడు అనే మాటా ఉంది, ఇంపుగా మాట్లాడేవాడని. శకుంతల చెలికత్తె ప్రియంవద పేరుకూ అర్థం అదే.

మాట్లాడటం కష్టమనిపించే మనుషులకూ మాటలున్నాయి. మనసులో ఏదో పెట్టుకుని పలకకపోతే ముభావం. అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబిస్తే ముక్తసరి. సంక్షిప్తం అనే అర్థమున్న ‘ముఖ్తసర్’ అనే అరబీ మాట ఉర్దూ మీదుగా మనకిలా చేరింది. ఈ ఇద్దరితో మొహమాటస్తుణ్ణి కలిపేయకూడదు. అతనికి మాట్లాడాలనే ఉంటుంది, నోరు రాదు. అలాంటివాణ్ణి ‘పొగరు’ అని కొట్టిపారేయడం ఎన్నో పెళ్లిళ్లలో చూశాను. చూసిన ప్రతిసారీ బాధేసింది.

మీ పిల్లలు ఈసారి ఎవరినైనా ‘ఫ్రెండ్లీ’ అంటే కాదనకండి, ఎలా అని అడగండి. ముందు తనే పలకరిస్తాడా? అందరిలో కలిసిపోతాడా? అందరినీ కలుపుకుపోతాడా? నీ మాట వింటాడా? వాళ్లు చెప్పేది పూర్తిగా విని, ఆ మనిషికి సరిపోయే తెలుగు మాట వాళ్ల చేతికివ్వండి.