వానకు తొందరపడితే

గచ్చిబౌలి మైక్రోసాఫ్ట్ ఆఫీసు ముందునుంచే రోజూ పోతుంటావు కదరా చిన్నోడా, ఆ కంపెనీ ఒక ఏడు కర్నూలు జిల్లా వేరుశనగ చేలకు లెక్కలు కట్టిందని నీకెవరైనా చెప్పారా? 2016 ఖరీఫ్‌లో పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలతో కలిసి, దేవనకొండ మండలంలో 175 మంది రైతులకు ఎప్పుడు విత్తాలో తెలుగులో మెసేజీలు పంపారు. స్మార్ట్‌ఫోను కూడా అక్కర్లేదు, మామూలు డబ్బా ఫోను చాలు.

మృగశిరలో నాలుగు చినుకులు పడగానే గొర్రు కట్టడం మనకు అలవాటు. ఆ మెసేజీలేమో ఆగండి, ఆగండి అంటూ జూన్ చివరి వారం దాకా, అంటే ఆరుద్ర కార్తె వచ్చేదాకా, విత్తనం పట్టనివ్వలేదు. పక్క చేలో గొర్రు నడుస్తుంటే గట్టుమీద కూర్చోవడం ఎంత కష్టమో సేద్యం చేసినవాళ్లకే తెలుసు!

ఎందుకు ఆగమన్నారంటే, ఎండకూ గాలికీ పైరు కోరే నీరు ఒకటి, నేల ఇవ్వగలిగేది ఇంకొకటి. నాలుగు ముద్దలు అడిగిన పిల్లాడికి రెండే దొరికితే సగం ఆకలి తీరినట్టు కదా, ఇదీ అంతే. ముప్ఫై ఏళ్ల వాతావరణం ముందేసుకుని, ఆ ఆకలి ఎక్కువగా తీరే వారం ఏదో వెతికారు. తొలి చినుకు పైమట్టినే తడుపుతుంది. ఆ తడికి మొలిచిన గింజ, తర్వాత వాన మొహం చాటేస్తే మాడిపోతుంది. మళ్లీ విత్తనాలు కొనాలి, మళ్లీ అప్పు.

చెప్పినట్టు విత్తినవాళ్లకు దిగుబడి సగటున 30 శాతం పెరిగిందన్నారు. ఒక ఏడు, ఒక మండలం. దాన్నిబట్టి కంప్యూటరే కరువు తీరుస్తుందంటే నేనొప్పుకోను. ఆరుద్ర తర్వాత కూడా వాన ఎగ్గొట్టొచ్చు.

అప్పుడు బోరులో ఉన్న కాసిని నీళ్లే దిక్కు. వేరుశనగ పువ్వు పైన పూస్తుంది, కాయ మట్టిలో కాస్తుంది. పువ్వునుంచి ఊడ దిగి నేలలోకి దూరాలి. నేల గట్టిపడితే అది దిగదు, కాయ రాదు. అందుకే ఉన్న ఒక్క రక్షక తడిని ఊడలు దిగేవేళకు దాచుకోవాలి. అదీ కాలువ కట్టి పారిస్తే సగం దారిలోనే ఇంకిపోతుంది. గాలి లేని సాయంత్రం స్ప్రింక్లర్లు పెడితే చేనంతా సమంగా తడుస్తుంది.

ఈసారి వాన పడిందని మీ నాన్న ఫోను చేస్తే సంబరపడి ఊరుకోకురా. జానెడు లోతు తవ్వి, మట్టి పిడికిట్లో ముద్ద కడుతోందో లేదో చూడమను. ఆ తర్వాతే గొర్రు.