ఇంజను పీల్చు గాలి – త్రాగు నూనె



ఆకివీడు ప్రాంతమున ఉప్పుటేరు మొదలు కొల్లేటి అంచువఱకు చేపల చెరువుల గట్లమీదను, మురుగు కాలువల ఒడ్డునను డీజిలు ఇంజనులు నీరు తోడుచుండుట మీరెఱిగినదే. ముంపులో వరిచేను నిలుచుటకును, చెరువులో చేప బ్రదుకుటకును ఒక్కొక్క రాత్రి ఆ యంత్రమే ఆధారము. అది త్రాగు నూనెకు తగిన పని చేయుచున్నదో లేదో కొలిచి తెలిసికొను విధమును నేడు విన్నవించెదను.

పొయ్యిలో కట్టెయొక్కటియే చాలదు. ఊదుగొట్టముతో గాలి ఊదినగాని మంట లేవదు. ఇంజను సంగతియు నంతే. గాలికి బరువున్నదా యని కొందఱడుగుదురు. ఉన్నది; ఒక ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగును. ఒక కిలో డీజిలు పూర్తిగా కాలుటకు దాదాపు 14.5 కిలోల గాలి కావలెను. అనగా రెండేసి మీటరుల పొడవు వెడల్పులును, మూడు మీటరుల ఎత్తును గల గదిలోని గాలి యంతయు నన్నమాట.

5 అశ్వశక్తుల ఇంజను నొకదానిని తీసికొందము. సిలిండరు పరిమాణము 550 ఘన సెంటీమీటరులు, నిమిషమునకు 1500 చుట్లు అనుకొనుడు. నాలుగు ఊపుల ఇంజను రెండు చుట్లకొకసారి మాత్రమే గాలి పీల్చును గనుక, నిమిషమునకు 750 పీల్పులు, 412 లీటరులు. సిలిండరు ఎన్నడును పూర్తిగా నిండదు. 350 లీటరులు వచ్చునని యెంచిన, గంటకు 25 కిలోల గాలి. గంటకొక కిలో నూనె కాలినచో ఇది సమృద్ధియే. డీజిలు ఇంజనుకు అవసరమునకు మించిన గాలి యుండియే తీరవలెను. ఏలయన నూనె తుంపరలు గాలియందంతటను సమముగా కలియవు. వడపోతలో దుమ్ము పేరుకొన్నచో గాలి తగ్గి, కాలని నూనె నల్లని పొగయై పోవును.

పరీక్షాశాలలలో గాలిని కొలుచుటకు పెద్ద యినుప పీపాకు కొలతగల గుండ్రని రంధ్రము చేసి, ఇంజను దానిగుండా పీల్చునట్లు అమర్తురు. పీల్పుల కుదుపును పీపా యణచును. వంపుతిరిగిన గాజుగొట్టములోని నీటి మట్టముల భేదమువలన గాలి లెక్క తెలియును. భేదము నాలుగింతలైన గాలి రెండింతలే యైనదని గ్రహింపవలెను.

చుట్టుతిరుగు ఇంజనులకు లెక్క వేఱు. జర్మనీ దేశస్థుడగు ఫెలిక్స్ వాంకెల్ కల్పించిన ఈ జాతి ఇంజను 1957లో మొదట నడచెను. జపానులో మాజ్దా సంస్థ 1967లో దానిని కారులో నెక్కించెను. ముక్కోణపు చక్రము గల యీ యంత్రము ఇరుసు చుట్టొకటికి ఒక గది నిండ గాలి పీల్చును. పిస్టను ఇంజను లెక్కనే దీనికి పెట్టినచో గాలి సగమే తేలును. నూనెయు సగమే యమర్చి చెడుదుము. దాని గది పొడవై పలుచనైనందున వేడిమి గోడలలోనికి పోవును. అందుచే ఇంధనపు ఖర్చెక్కువ.

మన గట్టుమీద పీపాతో పనిలేదు. గీతలు గల గాజుసీసానుండి 100 మిల్లీలీటరుల నూనె నిచ్చి, గడియారము చూడుడు. ఇంజను కాగిన పిమ్మట, అదే వేగమున, అదే ఎత్తునకు నీరు తోడుచుండగా కొలువవలెను. 5 నిమిషములలో నైనచో గంటకు 1.2 లీటరులు, వడపోత శుభ్రపఱచిన పిదప 6 నిమిషములు వచ్చినచో ఒక లీటరు. పదిగంటల రాత్రికి రెండు లీటరులు మిగులును. పొగ తగ్గునని వడపోతను తీసివేయరాదు. దుమ్ము సిలిండరును అరగదీయును. శుభ్రపఱచినను నల్లపొగ తగ్గకున్న, నూనె చిమ్ము పరికరమును ఎఱిగిన పనివానికి చూపుడు.

నెలకొకసారి ఈ లెక్క వ్రాసి యుంచుకొన్నవారికి, ఇంజను మొరాయింపకముందే దాని జబ్బు తెలియును.