వేవిళ్ళు: ఆలుమగలిద్దరూ తెలుసుకోవలసిన సంగతులు

ముట్టు తప్పి పదిహేను రోజులైంది. తెల్లవారి లేవగానే కడుపులో తిప్పుతున్నది. పోపు వాసన తగిలితే ఓకరింపు వస్తున్నది. నిన్నటిదాకా ఇష్టంగా తిన్న కూర నేడు చూడబుద్ధి కావడం లేదు. వీటినే మన పెద్దలు వేవిళ్ళు అన్నారు. పది మంది గర్భిణీలలో ఏడెనిమిది మందికి ఇవి ఎంతో కొంత ఉంటాయి. ఇవి చాలామందికి రోగం కాదు. కాని "అందరికీ వచ్చేవే గదా" అని ఊరుకుంటే కొందరికి ప్రాణం మీదకు వస్తుంది. ఏది మామూలు, ఏది ప్రమాదం అన్నది భార్యాభర్తలిద్దరికీ తెలిసి ఉండాలి.

ఎందుకు వస్తాయి?

కడుపులో బిడ్డ నిలిచినప్పుడు మాయ కూడా పెరుగుతుంది. ఆ మాయ నుండి జీడీఎఫ్-15 అనే పదార్థం తల్లి రక్తంలోకి వస్తుంది. వాంతులకు ఇదొక ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు 2023లో తేల్చారు. దాన్ని కొందరి ఒళ్ళు తట్టుకుంటుంది, కొందరి ఒళ్ళు తట్టుకోదు. అంతేగాని ఇది దిష్టి కాదు, నటన కాదు, సోమరితనం అంతకన్నా కాదు. వేవిళ్ళను బట్టి ఆడబిడ్డో మగబిడ్డో చెప్పలేము. వేవిళ్ళు రాకపోయినా భయపడనక్కరలేదు.

సాధారణంగా రెండో నెలలో మొదలై, మూడో నెలలో ఎక్కువై, నాలుగో నెలలో తగ్గుముఖం పడతాయి. పొద్దున్నే రావాలని లేదు, రోజంతా ఉండవచ్చు.

ఇంట్లో ఏం చేయాలి?

1. కడుపు ఖాళీగా ఉంచవద్దు. ఖాళీ కడుపుకే వికారం ఎక్కువ. పక్క మీద నుండి లేవకముందే గుప్పెడు మరమరాలో, ఎండు రొట్టె ముక్కో నమిలి, కాసేపాగి మెల్లగా లేవండి.

2. మూడు పూటల తిండిని ఆరు పూటలు చేయండి. గంజి, జొన్న రొట్టె, పెరుగన్నం, అరటిపండు, ఏది ఇమిడితే అది తినండి. అంగన్‌వాడీలో ఇచ్చే భోజనం, గుడ్డు, పాలు ఒక్కసారే పోకపోతే కొంచెం కొంచెంగా తీసుకోండి.

3. నీళ్ళు గడగడా తాగవద్దు. సల్ల, నిమ్మకాయ నీళ్ళు, ఓఆర్‌ఎస్ నీళ్ళు గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండండి. అల్లం వేసి కాచిన నీళ్ళు కొందరికి మేలు చేస్తాయి.

4. సుచిత్ర, జీడిమెట్ల వైపు బస్సులో పనికి పోయేవారు ఏమీ తినకుండా ఎక్కవద్దు. కిటికీ పక్కన కూర్చోండి. సంచిలో మరమరాలు, నీళ్ళ సీసా ఉంచుకోండి.

5. మన్ను, బలపం, సున్నం తినాలనిపిస్తే తినవద్దు. రక్తం తక్కువైనప్పుడు అలా అనిపించవచ్చు. ఏఎన్ఎమ్మకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

మందుల సంగతి

దుకాణంలో అడిగి మాత్రలు మింగవద్దు. 1957లో జర్మనీలో థాలిడోమైడ్ అనే మాత్ర అమ్మకానికి వచ్చింది. పలు దేశాలలో గర్భిణీలు దాన్ని వికారానికి వాడారు. 1961లో అమ్మకం ఆపేసేసరికి వేలమంది పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. అయితే ఆ భయంతో అసలు మందే వద్దనడం కూడా తప్పు. తల్లికీ బిడ్డకూ హాని లేదని ఏళ్ళ తరబడి వాడకంలో తేలిన మాత్రలు నేడున్నాయి. డాక్టరు రాసిస్తే నిర్భయంగా వాడండి. ఫోలిక్ ఆమ్లం మాత్ర మానవద్దు. ఇనుము మాత్రతో వికారం పెరిగితే రాత్రి తిన్న తరువాత వేసుకోండి.

భర్తలకు ఒక మాట

"మా అమ్మ ఐదుగురిని కన్నది, ఇంత బాధ పడలేదు" అని అనకండి. ఒకే తల్లికి కూడా ఒక కాన్పు ఉన్నట్టు ఇంకో కాన్పు ఉండదు. ఈ రెండు మూడు నెలలు పొయ్యి దగ్గరి పని మీరో, ఇంట్లో ఇంకొకరో అందుకోండి. పొద్దున్నే ఆమె చేతికి మరమరాలు అందించండి. ఎన్నిసార్లు వాంతి అయింది, ఎన్నిసార్లు మూత్రానికి పోయింది అని అడగండి. ఇందులో సిగ్గు లేదు.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు పోవాలి?

• రోజంతా నీళ్ళు కూడా కడుపులో నిలవకపోతే
• ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోతే, లేదా చిక్కటి రంగులో కొంచెమే వస్తే
• లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోతుంటే
• వాంతిలో రక్తం పడితే, జ్వరం, కడుపునొప్పి, రక్తస్రావం ఉంటే, కళ్ళు పచ్చబడితే
• బరువు బాగా తగ్గితే (50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే అది మామూలు వేవిళ్ళు కాదు)
• ఐదో నెల దాటాక కొత్తగా వాంతులు మొదలై, తలనొప్పి, చూపు మసక ఉంటే

ఇలాంటప్పుడు "రేపు చూద్దాం" అనవద్దు. 108కి ఫోన్ చేయండి, డబ్బులు అడగరు. సమయానికి సెలైను, మందు పడితే చాలామంది తొందరగా తేరుకుంటారు.

చివరిగా ఒక సంగతి. చంటిబిడ్డకు పాలిస్తూ, ముట్టు ఇంకా రాకముందే మళ్ళీ వేవిళ్ళు మొదలయ్యే తల్లులున్నారు. పాలిచ్చినంత కాలం గర్భం రాదనుకోవడం పొరపాటు. తల్లి ఒళ్ళు కోలుకోవడానికి కాన్పుకూ కాన్పుకూ నడుమ మూడేళ్ళ ఎడం ఉండాలి. కాపర్-టి, అంతర ఇంజెక్షను, నిరోధ్ ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. మీకు ఏది తగినదో ఇద్దరూ కలిసి వచ్చి అడగండి.