కెమికల్ లేని కాటుక

మా రెండవ అమ్మాయికి ఏడాది నిండినప్పుడు పిల్లల డాక్టరు ఆనవాయితీగా చేయించే రక్తపరీక్షలో సీసం కనిపించింది. డెసిలీటరు రక్తంలో 7 మైక్రోగ్రాములు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 నుండి 3.5 మైక్రోగ్రాములను గుర్తుగా పెట్టుకొని, అంతకు మించితే కారణం వెతకమంటున్నది. ఆ అంకె కూడ అభయహస్తమేమీ కాదు. పసిబిడ్డ రక్తంలో ఇంత సీసం ఉన్నా క్షేమమే అని చెప్పగల మోతాదు ఏదీ లేదు. శరీరం సీసాన్ని కాల్షియమని పొరబడి లోనికి రానిస్తుంది. ఎదిగే మెదడుకు అది చేసే చేటు మళ్ళీ పూడ్చలేనిది.

ఆరోగ్య శాఖ నుండి వచ్చిన నర్సు ఇల్లంతా పరిశీలించింది. గోడల రంగు చూసింది. ఇళ్ళకు వేసే రంగులలో సీసాన్ని ఈ దేశంలో 1978లోనే నిషేధించారు. మా ఇల్లు ఆ తరువాత కట్టినదే. కుళాయి నీటిలో దోషం లేదు. చివరికి ఆమె దృష్టి అద్దం ముందున్న చిన్న కాటుక డబ్బా మీద పడింది. పరీక్షకు పంపితే దోషి అదేనని తేలింది.

ఆ డబ్బా కథ చెప్పాలి. పురిటికని వచ్చిన మా అమ్మ, మా ఊరి అలవాటు ప్రకారం ఆముదపు దీపం మీద కంచుపళ్ళెం బోర్లించి కాటుక పట్టబోయింది. పది నిమిషాలు గడవకముందే పొగను పసిగట్టే యంత్రం ఇల్లు అదిరేలా కూసింది. ఇక ఆ ప్రయత్నం మానుకొని, అంగడి నుండి ఒక డబ్బా తెచ్చాము. దాని మీద ఆంగ్లంలో రెండు మాటలున్నాయి: ప్రకృతిసిద్ధం, కెమికల్స్ లేనిది. అవి చదివి అమ్మకు తెలుగులో చెప్పినవాణ్ణి నేనే. రసాయన శాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకొని, ఇరవై ఏళ్ళుగా ప్రయోగశాలలో పనిచేస్తున్నవాణ్ణి! నర్సు వెళ్ళిపోయాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా ఒకే ప్రశ్న వేసింది: "కెమికల్ లేదని రాసి ఉందని నువ్వే కదా నాయనా చదివి చెప్పావు?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వ్రాసినదే ఈ వ్యాసం.

కెమికల్ అనే మాటకు ఆంగ్లంలో ఒక అర్థం కాదు, నాలుగైదు ఉన్నాయి. శాస్త్రజ్ఞుని నోట అది నిశ్చితమైన కూర్పు గల పదార్థం. ఆ లెక్కన నీరు కెమికల్, ఉప్పు కెమికల్, మనం పీల్చే ప్రాణవాయువు కెమికల్. బజారులో అదే మాటకు "కర్మాగారంలో తయారైనది, కనుక హానికరమైనది" అని అర్థం. మన ఊళ్ళలో "పాలల్లో కెమికల్ కలిపారు" అంటే కల్తీ చేశారని భావం. సినిమా పత్రికలలో నాయికా నాయకుల మధ్య "కెమిస్ట్రీ" కుదిరిందంటే అది పొగడ్త. ఒకే వేరు నుండి పుట్టిన మాటలు ఒకచోట తిట్టుగా, మరొకచోట మెచ్చుకోలుగా చెలామణి అవుతున్నాయి.

ఆ వేరు అరబ్బీ భాషలోని "అల్-కీమియా". దానికి మూలం గ్రీకు. ఇంకా వెనుకకు వెళితే, నల్లరేగడి నేల గల ఈజిప్టుకున్న పాత పేరే దీనికి ఆధారమని కొందరు, లోహాన్ని కరిగించి పోయడం అనే గ్రీకు మాట ఆధారమని మరికొందరు అంటారు. ఇంతకన్న చిత్రమైన సంగతి మరొకటుంది. కాటుకకు, సుర్మాకు అరబ్బీలో "కుహ్ల్" అని పేరు. "అల్-కుహ్ల్" అంటే మొదట కంటికి పెట్టే మెత్తని పొడి. ఐరోపాకు చేరాక ఏ మెత్తని పొడికైనా, ఆపైన బట్టీ పట్టి తీసిన ఏ సారానికైనా ఆ పేరే వాడారు. చివరకు అది "ఆల్కహాల్" అయింది. కాటుక డబ్బాలో పుట్టిన మాట సారా సీసాలో స్థిరపడిందన్నమాట!

మరి మన మాట? కెమికల్‌కు సమానార్థకంగా పాఠ్యపుస్తకాలు "రసాయనం" అన్నాయి. ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాలలో రసాయన తంత్రం ఒకటి. ముసలితనాన్ని దూరంగా ఉంచి, బలాన్ని, జ్ఞాపకశక్తిని పెంచే మందులకు రసాయనాలని పేరు. మన ఇళ్ళలోని చ్యవనప్రాశ అటువంటిదే. "నేను రసాయనాలు ముట్టను, చ్యవనప్రాశ మాత్రమే తింటాను" అనేవారు తమకు తెలియకుండానే హాస్యమాడుతున్నారు.

మాటల సంగతి అలా ఉంచి వంటింటిలోకి వెళదాం. చింతపండు పులుపులో ముఖ్యమైన పాలు టార్టారిక్ ఆమ్లానిది. మిరపకాయ మంటకు కాప్సేసిన్, పసుపు రంగుకు కర్క్యుమిన్ కారణం. ఆవాల సంగతి మరీ ముచ్చటైనది. గింజగా ఉన్నంతసేపు ఆవకు ఘాటు ఉండదు. దానిలో సినిగ్రిన్ అనే పదార్థం ఒక అరలో, మైరోసినేజ్ అనే ఎంజైము మరొక అరలో విడివిడిగా ఉంటాయి. గింజను నలిపి తడి తగిలించినప్పుడు ఆ రెండూ కలిసి, ముక్కుకెక్కే అల్లైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. ఆవపెట్టిన కూరలోని ఘాటు ఇదే. అదే గింజలను కాగిన నూనెలో చిటపటలాడిస్తే ఆ వేడికి ఎంజైము చచ్చిపోతుంది. అందుకే తిరగమోతలోని ఆవాలు కమ్మగా ఉంటాయే గాని ముక్కు అదరగొట్టవు. మన అమ్మమ్మలు ఈ పేర్లేవీ వినకుండానే ఈ చర్యను అదుపులో పెట్టుకొన్నారు.

పేరు చూసి బెదిరిపోయే గుణం చదువుకున్నవారిలోనూ ఉన్నది. 1997లో ఐడహో రాష్ట్రంలో 14 ఏళ్ళ బడిపిల్లవాడొకడు "డైహైడ్రోజన్ మోనాక్సైడ్" అనే పదార్థం గురించి 50 మంది తోటి విద్యార్థులకు చెప్పాడు. అది ఆమ్లవర్షాలలో ఉంటుంది, ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణం తీస్తుంది, ఇనుమును తుప్పు పట్టిస్తుంది అన్నాడు. 43 మంది దానిని నిషేధించాలని ఓటు వేశారు. అది మంచినీరు! అతడు చెప్పిన వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు.

ప్రకృతి చేసినదానికి, మనిషి చేసినదానికి మధ్య గోడ ఉందని ఒకప్పుడు శాస్త్రజ్ఞులే నమ్మారు. 1828లో జర్మనీకి చెందిన వోలర్, జీవుల మూత్రంలో దొరికే యూరియాను జీవి ప్రమేయం లేకుండానే తయారుచేసి ఆ గోడకు మొదటి బీట తీశాడు. ఉసిరికాయలోని విటమిన్ సి అణువుకు, మాత్రలోని విటమిన్ సి అణువుకు నిర్మాణంలో తేడా లేదు. ఉసిరికాయలో వేరే మేలైన పదార్థాలు ఉండవచ్చు. అది వేరే మాట.

ఈ భయం వలన కలిగే నష్టం చిన్నది కాదు. మాకు తెలిసిన ఒక అమ్మాయి గర్భవతిగా ఉండి, కెమికల్ అన్న భయంతో ఫోలిక్ ఆమ్లపు మాత్రలు మానివేసింది. గర్భం నిలిచిన 28 రోజులలోపే, అంటే చాలామంది తల్లులకు విషయం తెలియకముందే, బిడ్డ వెన్నుపాముగా మారబోయే నాళం మూసుకోవాలి. ఆ సమయంలో ఫోలిక్ ఆమ్లం కొరవడితే వెన్నులో లోపంతో బిడ్డ పుట్టే ప్రమాదం పెరుగుతుంది. అందుకే తల్లి కాగల వయసులోని స్త్రీలు రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలంటారు. 1998 నుండి అమెరికాలో శుద్ధిచేసిన పిండిలో దీనిని కలపడం తప్పనిసరి అయింది. ఈ ఆమ్లాన్ని 1940ల మధ్యలో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధక బృందానికి సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ దేశంలో మనం తినే రొట్టెలో ఒక తెలుగువాని శ్రమ కలిసి ఉన్నదని మన పిల్లలకు చెప్పదగును.

తిరిగి కాటుక దగ్గరకు వద్దాం. కొన్ని సుర్మాలలో, అంగడి కాటుకలలో ఉండేది గెలీనా, అంటే సీసము, గంధకము కలిసిన నల్లని ఖనిజం. భూమిలో దొరుకుతుంది. ఏ కర్మాగారమూ దానిని పుట్టించలేదు. కనుక "ప్రకృతిసిద్ధం" అన్న మాట నిజమే! బజారు అర్థంలో చూస్తే "కెమికల్ లేనిది" అన్నదీ ఒక విధంగా చెల్లుతుంది. ఉమ్మెత్త గింజ, పచ్చగన్నేరు కాయ కూడ ఆ లెక్కన కెమికల్ లేనివే. బిడ్డ కన్ను నులుముకొని అదే వేలు నోట పెట్టుకొంటుంది. సీసానికి అంతకన్న దారి అక్కరలేదు. కొన్ని సింధూరాలలోనూ, రంగు కోసం కల్తీ చేసిన పసుపులోనూ సీసం బయటపడిన సందర్భాలున్నాయి. ఊరి నుండి పొట్లాలు తెచ్చుకొనే మనవంటి కుటుంబాలు ఇది గుర్తుంచుకోవాలి. పిల్లలకు ఏడాదికి, రెండేళ్ళకు చేసే సీసం పరీక్షను వాయిదా వేయవద్దు.

ఏ వస్తువునైనా కెమికలా, కాదా అని అడగడం వృథా. ఏ పదార్థం? ఎంత మోతాదు? ఏ మార్గాన, ఎవరి ఒంటిలోకి? ఈ మూడూ అడగాలి. మోతాదే విషాన్ని నిర్ణయిస్తుందని 16వ శతాబ్దంలో పారసెల్సస్ చెప్పాడు. మన భాషకు ఆ సంగతి ముందే తెలుసు కాబోలు. జ్వరానికి వేసుకొనేది మందు, పైరుకు చల్లేది పురుగుమందు, తుపాకిలో దట్టించేది మందు, మితిమీరి తాగితే మనిషిని కూల్చేదీ మందే.

కాటుక మానివేశాక ఆరు నెలలకు మా అమ్మాయి రక్తంలో సీసం 2 మైక్రోగ్రాముల లోపుకు దిగింది. ఆ కొద్ది నెలలు ఏమైనా తీసుకుపోయాయా అనేది ఏ పరీక్షా చెప్పదు. కిందటి వేసవిలో అమ్మ మళ్ళీ వచ్చింది. అంగడికి వెళ్ళినప్పుడల్లా డబ్బా నా చేతికిచ్చి, "కెమికల్ ఉందా లేదా అన్నది వద్దు, లోపల ఏమేమి ఉన్నాయో ఒక్కొక్కటే చదువు" అంటున్నది. నేను చదువుతున్నాను.