ఇంటి ముంగిట్లోనే రిసెప్షన్: నూటయాభై మందికి లెక్క ఇదీ

బరంపురంలో ఇప్పుడు పెళ్లి కంటే రిసెప్షనే భారమైపోతోంది. హాలు అద్దె, అలంకరణ, ప్లేటుకింత అని కేటరింగు, అన్నీ కలిపితే చిన్న ఉద్యోగి ఏళ్ల తరబడి దాచుకున్నది ఒక్క సాయంత్రంలో కరిగిపోతుంది. మా సంఘానికి వచ్చే పెద్దమనిషి ఒకాయనకు పెద్దబ్బాయి రిసెప్షన్ అప్పు తీరకముందే చిన్నబ్బాయి పెళ్లి కుదిరింది. "ఈసారి ఇంట్లోనే పెడితే నలుగురూ ఏమనుకుంటారో" అని బాధపడ్డారు. మేం పదిమందిమి దగ్గరుండి చేయించాం. అలాంటి ఇళ్లకు ఉపయోగపడుతుందని ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాం.

ముందు జాబితా

భోజనానికి పిలిచేవారి పేర్లు ఇంటి వారీగా రాసుకోవాలి. "సకుటుంబంగా" అని రాసి వదిలేయకుండా, ఎంతమంది వస్తారో ఫోనులో అడిగి పక్కనే అంకె వేసుకోవాలి. కోడలు ఇంటికి వచ్చాక సత్యనారాయణ వ్రతం ఎలాగూ చేస్తాం. ఉదయం వ్రతం, అదే సాయంత్రం విందు పెట్టుకుంటే షామియానా అద్దె, వంటవాళ్ల కూలి ఒక్కరోజుతో సరిపోతాయి. శుభలేఖ తెలుగులోనూ ఒడియాలోనూ ఒకే కార్డు మీద వేయించండి. పక్కింటివారికీ గౌరవం, మన పిల్లలకూ తెలుగు అక్షరం కంటబడుతుంది.

వంట లెక్క

పులిహోర, అన్నం, దాల్మా, ఒక వేపుడు, చారు, పెరుగు, బూందీ లడ్డు. ఇది చాలు. కిలో బియ్యం ఎనిమిది మందికి వస్తుంది. పులిహోరతో కలిపి నూటయాభై మందికి 20 కిలోలు తెచ్చుకోవాలి. దాల్మాకు కందిపప్పు 5 కిలోలు, కూరగాయలు 8 నుంచి 10 కిలోలు. పెరుగు 15 కిలోలు. విస్తళ్లు పదిహేను ఎక్కువ తీసుకోండి. మంచినీళ్లు 20 లీటర్ల క్యాన్లు ఎనిమిది ఉండాలి. ఎండాకాలంలో పాయసం, కొబ్బరి పచ్చడి త్వరగా పాడవుతాయి కనుక వద్దు. లడ్డు ముందురోజే చేయించుకోవచ్చు. అన్నం మాత్రం రెండు విడతలుగా వండించండి.

చోటు, వేళ

మన పాత ఇళ్లు ఇరుకుగా, లోపలికి పొడవుగా ఉంటాయి. అందరినీ ఒకేసారి కూర్చోబెట్టలేం. పంక్తికి ముప్పైమంది చొప్పున అయిదు పంక్తులు. ఒక్కో పంక్తికి అరగంట పడుతుంది. రాత్రి ఏడింటికి మొదలుపెడితే తొమ్మిదిన్నరకు పూర్తవుతుంది. మొదటి పంక్తిలో వృద్ధులను, చిన్నపిల్లల తల్లులను కూర్చోబెట్టాలి. దంపతుల కుర్చీలు ముందు గదిలో వేస్తే, ఆశీర్వదించినవారు ఒకవైపు నుంచి పెరట్లోకి భోజనానికి వెళ్తారు, రద్దీ ఉండదు. మైకు రాత్రి పదింటికల్లా ఆపాలి, అది చట్టం. వీధిలో షామియానా వేయాలంటే కార్పొరేషను, పోలీసుల అనుమతికి ముందుగానే అర్జీ పెట్టుకోవాలి.

ఇక్కడ పొదుపు వద్దు

పొయ్యి షామియానా గుడ్డకు దూరంగా, గాలి ఆడేచోట పెట్టాలి. ఇంటి వాడకపు 14.2 కిలోల సిలిండర్లు వద్దు, 19 కిలోల వాణిజ్య సిలిండరు తెప్పించుకోండి. రెండు బకెట్ల ఇసుక పక్కన ఉండాలి. లైట్లన్నీ ఇంటి ప్లగ్గుకే తగిలించకుండా ఎలక్ట్రీషియన్‌తో విడిగా లైను వేయించండి. వంటవాళ్లకు, గిన్నెలు తోమేవాళ్లకు కూలి ముందే మాట్లాడుకుని ఆ రాత్రే చేతిలో పెట్టాలి.

ఆ ఇంట్లో వడ్డించింది మన కుర్రాళ్లు, పక్కింటి ఒడియా కుర్రాళ్లు. మూడో పంక్తిలో వేపుడు అయిపోయింది. ఎదురింటి అమ్మగారు తన వంటింట్లోనే మరో మూకుడు వంకాయలు వేయించి పంపారు. పెద్దాయన భయపడినట్టు ఎవరూ ఏమీ అనలేదు. హాలుకని దాచిన డబ్బుతో ఆయన పాత అప్పులో చాలాభాగం కట్టేశారు.

సంఘం దగ్గర పెద్ద గుండిగలు, గరిటెలు, బల్లలు ఉన్నాయి. సభ్యులకు అద్దె లేదు. తోమి తిరిగి అప్పగిస్తే చాలు. ముహూర్తాల రోజుల్లో ఒకేసారి రెండు ఇళ్లవారు అడుగుతున్నారు కనుక పదిహేను రోజుల ముందే చెప్పి, రిజిస్టరులో పేరు రాయించుకోవలసిందిగా మనవి.