బొమ్మ చూసి కొంటే ఊపిరికే ముప్పు
స్కూబా సామగ్రి ఆన్‌లైన్ కొనుగోళ్లలో మెలకువలు అవసరం

హరిశ్చంద్రపురం: సెల్‌ఫోనులో బొమ్మ చూసి ఒక్క నొక్కు నొక్కితే సరుకు ఇంటి గుమ్మం ముందుకు వచ్చే రోజులివి. చీరలు, చెప్పులు, మిక్సీలతోపాటు సముద్రంలో మునిగేవారు వాడే స్కూబా సామగ్రి కూడా ఈ పద్ధతిలో అమ్ముడుపోతున్నది. చీర రంగు వెలిస్తే నష్టపోయేది డబ్బు మాత్రమే. నీటి అడుగున గాలి అందించే పరికరం మొరాయిస్తే ప్రాణానికే చేటు. ఈ తేడాను గమనించకుండా ధర ఒక్కటే చూసి కొనేవారు చిక్కుల్లో పడుతున్నారు.

భావనపాడు నుంచి బారువ వరకు గల ఉద్దానం తీర గ్రామాల వారికి సముద్రం కొత్త కాదు. 1917లో నిప్పంటుకుని మునిగిన చిల్కా అనే ఆవిరి ఓడ శిథిలాలు బారువ తీరానికి చేరువలో నీటి అడుగున ఉన్నాయి. విశాఖపట్నం నుంచి స్కూబా ఈతగాళ్లు వచ్చి వీటిని చూసి వెళ్లారు. ఇటువంటి దృశ్యాలను ఫోనులో చూసిన యువకులకు తామూ మునగాలనే కుతూహలం కలగడం సహజం. మరపడవ పంకాకు చుట్టుకున్న వలను విడదీయడానికి ఒక నీటి కళ్లద్దం ఉంటే మేలని తలచే మత్స్యకారులూ ఉంటారు.

వి.పి.పి. నాటి కథే

దూరాన ఉన్న వ్యాపారిని నమ్మి సరుకు తెప్పించుకోవడం పల్లెలకు కొత్తేమీ కాదు. ఒకప్పుడు పత్రికలో ప్రకటన చూసి కార్డు ముక్క రాస్తే, పోస్టుమాన్ వి.పి.పి. పార్సెల్ తెచ్చేవాడు. ముందు సొమ్ము కట్టాలి, ఆ తర్వాతే విప్పి చూసుకోవాలి. రేడియో కోసం డబ్బు కట్టిన వారికి పెట్టెలో ఇటుక ముక్క దొరికిందన్న కథలు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. నేటి ఆన్‌లైన్ బేరంలో హంగులు మారాయి గాని, సరుకు చేతికి రాకముందే నమ్మవలసి రావడం మారలేదు.

కొన్నవారి మాటల్లో ఏముంది?

ఆన్‌లైన్ దుకాణాలలో ప్రతి వస్తువు కింద కొన్నవారి అభిప్రాయాలు, వారిచ్చిన నక్షత్రాలు కనిపిస్తాయి. “త్వరగా వచ్చింది, ప్యాకింగు బాగుంది” అనే ధోరణిలో ఉండే మాటలు కొరియర్ పనితనం గురించి చెబుతాయే తప్ప వస్తువు నాణ్యతను తెలపవు. పెట్టె విప్పిన రోజున రాసిన పది పొగడ్తల కన్నా, కొన్ని నెలలు ఉప్పునీటిలో వాడిన వ్యక్తి రాసిన ఒక్క ఫిర్యాదు విలువైనది. నీరు కారుతున్నదని, పట్టీ తెగిందని, సైజు కుదరలేదని పలువురు చెబుతుంటే దానిని వదులుకోవడమే మంచిది. డబ్బు తీసుకుని పొగడ్తలు రాసేవారు ఉన్నందునే భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఆన్‌లైన్ అభిప్రాయాల కోసం ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని రూపొందించింది.

ముక్కు కప్పని అద్దాలు

చెరువులో ఈతకు వాడే కళ్లద్దాలు, నీటిలో మునిగేందుకు వాడే మాస్కు ఒకటి కావు. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడి పెరిగి అద్దం కళ్లకు అదుముకుంటుంది. మాస్కు ముక్కును కూడా కప్పుతుంది గనుక, ముక్కుతో కొంచెం గాలి వదిలితే ఆ అదుము తగ్గుతుంది. ఈత కళ్లద్దాలతో ఆ వీలు లేదు. వాటితో లోతుకు పోతే కంటి సన్నని రక్తనాళాలు చిట్లుతాయి. ముఖమంతటినీ కప్పే స్నార్కెల్ మాస్కులు నీటిపైన తేలుతూ కిందికి చూసేందుకే గాని మునిగేందుకు కావు.

మాస్కు కొనేటప్పుడు టెంపర్డ్ గాజు, సిలికాన్ అంచు ఉన్నదా అని చూడాలి. మామూలు ప్లాస్టిక్ అంచు త్వరగా బిరుసెక్కి నీరు కారుతుంది. సరుకు అందగానే పట్టీ తగిలించుకోకుండా మాస్కును ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చి చూడాలి. చేయి తీసినా పడకుండా నిలిస్తే ఆ ముఖానికి సరిపోయినట్లు. మీసం ఉన్నవారికి అంచు సరిగా అంటుకోక నీరు చేరవచ్చు. ఈ పరీక్ష సరుకు వచ్చాక గాని కుదరదు. అందువల్ల వాపసు తీసుకోని దుకాణంలో మాస్కు కొనరాదు. కాళ్లకు తొడిగే ఫిన్ల విషయంలో విదేశీ నెంబర్లు మన చెప్పుల నెంబర్లతో కలవవు. పాదం పొడవును సెంటీమీటర్లలో కొలిచి చూసుకోవాలి.

చేతిలో ఇమిడే సిలిండరు

చేతిపంపుతో గాలి నింపుకోవచ్చునంటూ అరలీటరు సిలిండర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. లెక్క వేస్తే వీటి బండారం బయటపడుతుంది. అరలీటరు సిలిండరులో 200 రెట్ల ఒత్తిడితో నింపితే వచ్చే గాలి 100 లీటర్లు. మనిషి నీటిపైన నిమిషానికి సుమారు 20 లీటర్లు పీలుస్తాడనుకుంటే, 10 మీటర్ల లోతున ఒత్తిడి రెండింతలు గనుక 40 లీటర్లు కావాలి. అంటే రెండున్నర నిమిషాలలో గాలి అయిపోతుంది. కంగారు పడితే అంతకన్నా ముందే ఖాళీ అవుతుంది.

అంతకు మించిన అపాయం మరొకటి ఉంది. సిలిండరు గాలి పీల్చిన వ్యక్తి 10 మీటర్ల లోతునుంచి ఊపిరి బిగబట్టి పైకి వస్తే, రొమ్ములోని గాలి రెండింతలకు ఉబ్బి ఊపిరితిత్తులు చిరిగిపోగలవు. పైన పీల్చిన గాలితోనే మునిగి లేచేవారికి ఈ బెడద లేదు. అందుకే తాతముత్తాతల నాటి నుంచి మునుగుతున్నవారికి సైతం ఈ సంగతి తెలియకపోవచ్చు. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్లను ఇందుకు వాడడం కూడా ప్రమాదకరం. ఇంజను పొగలోని విషవాయువు, నూనె ఆవిరి ఆ గాలిలో కలిసే అవకాశం ఉంది.

పెద్ద సిలిండర్లకు 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలు వర్తిస్తాయి. నాగపూర్ ప్రధాన కేంద్రంగా గల పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఆమోదించిన రకమే వాడాలి. నిర్ణీత గడువుకోసారి నీటి ఒత్తిడితో పరీక్ష చేయించాలి. పరీక్ష తేదీ ముద్ర లేని పాత సిలిండరు ఎంత చౌకగా వచ్చినా ముట్టరాదు. నోటికి గాలి అందించే రెగ్యులేటరుకు కూడా క్రమం తప్పని సర్వీసింగు కావాలి. విదేశీ సైటు నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం అదనంగా పడవచ్చు. వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు కూడా. మాస్కు, స్నార్కెల్, ఫిన్లు ఇంటికి తెప్పించుకున్నా, గాలితో ముడిపడిన పరికరాలను శిక్షణ పొందాక, తెలిసినవారు పరీక్షించాక తీసుకోవడమే శ్రేయస్కరం. స్కూబా శిక్షణ కేంద్రాలు విశాఖపట్నంలో ఉన్నాయి.

న్యాయం శ్రీకాకుళంలోనే

సరుకు అందినప్పుడు పెట్టె విప్పడాన్ని మొదటి నుంచి ఫోనులో వీడియో తీయాలి. బిల్లు, ఆర్డరు నెంబరు, అమ్మకందారు పేరు భద్రపరచాలి. నీటిలో తడిపితే వాడిన సరుకని తిప్పి పంపే ప్రమాదం ఉంది గనుక పొడిగా ఉండగానే పరీక్షించుకోవాలి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం దుకాణం తన ఫిర్యాదుల అధికారి పేరు ప్రకటించాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెల రోజులలో పరిష్కరించాలి. సరుకు ఏ దేశానిదో చూపాలి. లోపమున్న సరుకును, చెప్పినదానికి భిన్నమైన సరుకును వాపసు తీసుకోనని అమ్మకందారు అనరాదు. అప్పటికీ స్పందన లేకుంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నెంబరుపై ఫోను చేయవచ్చు.

1986 నాటి చట్టం కింద ఎదుటి పక్షం ఉన్నచోట గాని, వివాదం తలెత్తిన చోట గాని దావా వేయవలసి వచ్చేది. 2019 చట్టం ఆ ఇబ్బంది తొలగించింది. దుకాణం ఢిల్లీలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, కొనుగోలుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. హరిశ్చంద్రపురం వాసి శ్రీకాకుళం దాటి పోనక్కరలేదు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ల గడువు మాత్రం మరువరాదు.

సామాజిక మాధ్యమాలలో సగం ధరకే సరుకంటూ అడ్వాన్సు గుంజేవారి సంగతి వేరు. అలా డబ్బు పోతే తక్షణం 1930కి తెలపాలి. ఆలస్యమైనకొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది.

తీర గ్రామాల యువకులు సముద్రం లోపలి వింతలు చూడాలనుకోవడం తప్పు కాదు. ముందు శిక్షణ, ఆ తర్వాత సామగ్రి అన్న వరుసను పాటిస్తే డబ్బుతోపాటు ప్రాణమూ దక్కుతుంది. పోయిన డబ్బు ఇప్పించేందుకు కమిషన్ ఉంది గాని, పోయిన ఊపిరిని తిరిగి ఇప్పించగల చట్టం లేదని కొనుగోలుదార్లు, వారి పెద్దలు గుర్తించవలసి ఉంది.