అద్దె ఇల్లు: ఆదాయమే కాదు, అమానత్ కూడా

కూడబెట్టిన డబ్బుతో రెండు వాటాల ఇల్లు కొని అద్దెకిస్తే వృద్ధాప్యంలో ఎవరి ముందూ చేయి చాచనక్కర లేదని మన గోదావరి జిల్లాల్లో చాలామంది తలపోస్తారు. ఆలోచన మంచిదే. ఇల్లు అద్దెకిచ్చి ప్రతిఫలం పుచ్చుకోవడం షరీఅత్‌లో ధర్మసమ్మతమైన ఆదాయం. అయితే ఇల్లు కొనేటప్పుడు ఒక పొరపాటు, అద్దెకిచ్చేటప్పుడు మరొక పొరపాటు జరిగితే ఆ ఆదాయం చిక్కుల పాలవుతుంది, ఒక్కోసారి హరామ్ పాలు కూడా అవుతుంది. అందుకే కొన్ని విషయాలు ముందుగా తెలుసుకోవాలి.

ముందు లెక్క వేయండి

రాజమండ్రిలోనో భీమవరంలోనో 30 లక్షలకు ఒక ఇల్లు కొన్నారనుకుందాం. నెలకు 8 వేల అద్దె వస్తే ఏడాదికి 96 వేలు. ఏటా ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుంటే 8 వేలు పోతాయి. ఇంటి పన్నుకు, సున్నానికి, మరమ్మతులకు మరో 18 వేలు తీసేయండి. మిగిలేది 70 వేలు. అంటే నూటికి రెండున్నర రూపాయలు కూడా లేదు. మన రాష్ట్రంలో స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములన్నీ కలిపి నూటికి ఏడున్నర. 30 లక్షల విలువ మీద అది రెండు లక్షల పాతిక వేలు. మూడేళ్ళ మిగులు దానికే చాలదు.

ఇక 20 లక్షలు నూటికి 9 చొప్పున వడ్డీకి తెచ్చి కొన్నవారి సంగతి చూడండి. మొదటి ఏడాది వడ్డీయే లక్షా ఎనభై వేలు. మిగిలిన అద్దె అందులో సగానికి కూడా సరిపోదు. వడ్డీకి దూరంగా ఉండమన్న ధర్మాజ్ఞ ఉండనే ఉంది. ఇక్కడ లెక్క కూడా అదే మాట చెబుతోంది. సొంత సొమ్ము పోగయ్యేదాకా ఆగడం, లేదా అంతకంటే చిన్న ఇంటితో సరిపెట్టుకోవడం మేలు.

నీరు, నేల, గట్టు

డెల్టాలో ఇల్లు కొనేవారు గోడల రంగు చూసి మురిసిపోరాదు. 1986 ఆగస్టు వరదలో, 2022 జూలై వరదలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఆ వీధి పెద్దలను అడగండి. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పుడు ఆ వీధి పరిస్థితి ఏమిటో విచారించండి. లంకల్లోనూ ఏటిగట్టు లోపలా ఇల్లు చౌకగా వస్తోందంటే కారణం ఉంటుంది.

నల్లరేగడి నేల మీద పునాది బలంగా లేకపోతే ఎండకు నేల ఎండి, వానకు ఉబ్బి గోడలు పగులుతాయి. తలుపుల మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు పాకాయేమో మేస్త్రీకి చూపించండి. నరసాపురం, అమలాపురం వైపు సముద్రానికి దగ్గరైన ఊళ్ళలో బోరు నీరు రుచి చూడండి. ఉప్పు నీళ్ళున్న ఇంట్లో అద్దెకు వచ్చినవారు ఎక్కువ కాలం నిలవరు.

కాగితాలు, వారసులు

ఈ.సి., లింకు దస్తావేజులు, ఇంటి పన్ను రసీదులు ప్లీడరుకు చూపించాలి. కాలువ గట్టు పోరంబోకా, డీ పట్టానా, నిషేధిత జాబితాలో ఉందా అన్నది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో విచారించాలి. వక్ఫ్ ఆస్తి అయితే ముతవల్లీ సంతకం పెట్టినా ఆ అమ్మకం చెల్లదు.

ముస్లిం కుటుంబం నుంచి కొనేటప్పుడు వారసులందరి సంతకాలూ ఉండాలి. అన్నదమ్ములు సంతకం పెట్టారు, అక్కచెల్లెళ్ళు అత్తవారిళ్ళలో ఉన్నారు అంటే కుదరదు. సంతకం చేయనివారి వాటా కొన్నవారికి సంక్రమించదు.

ఈ మాట మన సొంత ఇళ్ళకూ వర్తిస్తుంది. తండ్రి పోయాడు, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు మిగిలారు. ఇంటిని 40 వంతులు చేస్తే తల్లికి 5, ఒక్కొక్క కొడుక్కి 14, కూతురికి 7. ఇల్లు పంచుకోకుండా 8 వేలకు అద్దెకిచ్చారనుకోండి. ఆ అద్దెలో తల్లికి వెయ్యి, కొడుకులకు 2,800 చొప్పున, కూతురికి 1,400 నెలనెలా చేరాలి. పెళ్ళికి ఖర్చు పెట్టామన్న సాకుతో ఆ 1,400 ఆపుకోవడం ఎన్నో ఇళ్ళలో మామూలైపోయింది. చెల్లెలు నోరు తెరిచి అడగనంత మాత్రాన ఆమె హక్కు మాసిపోదు.

కువైట్ సొమ్ము ఎవరి పేరిట?

కోనసీమ నుంచి, నరసాపురం ప్రాంతం నుంచి ఎందరో అక్కచెల్లెళ్ళు గల్ఫ్ దేశాలకు వెళ్ళి ఇళ్ళలో పనిచేసి డబ్బు పంపుతున్నారు. ఆ సొమ్ముతో ఇక్కడ అన్నో తండ్రో తన పేరిట ఇల్లు కొంటారు. ఇది చాలా ప్రమాదం. 1988 నాటి బినామీ చట్టాన్ని 2016లో కఠినం చేశారు. లెక్క చూపగల సొమ్ముతో జీవిత భాగస్వామి పేరిట, పిల్లల పేరిట కొనవచ్చు. అన్నదమ్ముల పేరిటనో తల్లిదండ్రుల పేరిటనో కొంటే మాత్రం సొమ్ము పెట్టినవారి పేరు కూడా దస్తావేజులో ఉమ్మడి యజమానిగా ఉండాలి. లేకుంటే నా కష్టార్జితమని కోర్టుకెక్కినా ఆ చట్టమే అడ్డం వస్తుంది. పంపినవారి పేరిటే కొనండి. వారు రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీతో పని జరుగుతుంది.

అద్దె ఒప్పందం

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం అప్పు వ్యవహారాన్ని కాగితం మీద పెట్టి సాక్షులను ఉంచుకోమని చెప్పేదే. అద్దెకూ అదే పద్ధతి మంచిది. అద్దె ఎంత, ఏ తేదీకి ఇవ్వాలి, అడ్వాన్సు ఎంత, కరెంటు బిల్లు ఎవరిది, మరమ్మతు ఎవరిది, ఖాళీ చేయడానికి ఎన్నాళ్ళ ముందు చెప్పాలి అన్నవన్నీ రాసుకోవాలి. ఏడాదికి మించిన లీజును 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. చాలామంది 11 నెలలకు రాసుకునేది అందుకే.

ఒక విషయం ప్రత్యేకంగా గమనించగలరు. నాలుగైదు లక్షలు ఒకేసారి తీసుకుని, అద్దె లేకుండా ఇల్లు వాడుకోనిచ్చి, ఖాళీ చేసేటప్పుడు మొత్తం తిరిగి ఇచ్చే పద్ధతి ఉంది. దీనినే స్వాధీన తనఖా అంటారు. అప్పు ఇచ్చినందుకు ఇంట్లో ఉచితంగా ఉండడం వడ్డీ కిందికే వస్తుందని ఉలమాల్లో అత్యధికుల అభిప్రాయం. పెద్ద అడ్వాన్సు తీసుకుని అద్దె నామమాత్రం చేయడం కూడా ఆ కోవలోదే. అద్దె అద్దెగా ఉండాలి. అడ్వాన్సు మన దగ్గరున్న అమానత్. ఖాళీ చేసిన రోజున సున్నాలనీ రంగులనీ వంకలు పెట్టి కోయరాదు.

అద్దెకున్నవారితో

కప్పు కారుతోందని చెబితే వర్షాలు రాకముందే బాగుచేయించాలి. అద్దె బకాయి పడ్డారని కుళాయి కట్టేయడం, ఫ్యూజు పీకేయడం తగదు. గడువివ్వాలి, కుదరకపోతే చట్టం దారి పట్టాలి. పేరు వినగానే ఇల్లు లేదన్నప్పుడు కలిగే బాధ మనలో చాలామందికి తెలుసు. అదే బాధ మన గుమ్మంలో ఇంకొకరికి కలగనివ్వకూడదు.

జకాత్, దానం

అద్దెకిచ్చిన ఇంటి విలువ మీద జకాత్ లేదు. అద్దె సొమ్ములో ఖర్చులు పోను మిగిలినది తక్కిన నగదు, బంగారంతో కలిసి నిసాబ్‌కు చేరి ఏడాది నిండితే నూటికి రెండున్నర ఇవ్వాలి. లాభానికి అమ్మాలనే కొన్న ఇల్లయితే వ్యాపార సరుకు కింద లెక్క. దాని పూర్తి విలువ మీద జకాత్ ఉంటుంది.

బతికుండగానే ఇంటిని బిడ్డకు హిబా చేయదలచినవారు నోటి మాటతో ఆగరాదు. ఇంట్లో అద్దెకున్నవారిని పిలిచి, ఇకమీదట అద్దె ఫలానా వారికి ఇవ్వండని చెప్పాలి. స్వాధీనం అప్పగించినట్టు అప్పుడే అవుతుంది. అదీ రాసి పెడితే తర్వాత బిడ్డల మధ్య తగవు రాదు.